కారుకు కురచ స్ప్రింగులు: కథా కమామీషు

ప్రభుత్వ రంగ సంస్థగా 1981లో నెలకొన్న మారుతి ఉద్యోగ్ తన తొలి కారు తాళాలను 1983 డిసెంబరు 14న కొనుగోలుదారునికి అందజేసింది. ఆనాటి నుంచి చిన్న కారు మన బోటి ఉద్యోగుల కలలలో ఒకటైపోయింది. ఆ సంస్థలో మిగిలిన తన వాటాలను కేంద్ర ప్రభుత్వం 2007లో అమ్మివేసింది. మారుతి 800 ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. అయినా ఒక సాయంకాలం మన క్వార్టర్ల వీధుల వెంట నడిచి చూడండి. ఇంటింటి ముందు నిలిచి ఉన్నవి ఎక్కువగా చిన్న కార్లే. పండుగకు ఊరు వెళ్ళడానికీ, పెద్దవారిని ఆసుపత్రికి తీసుకువెళ్ళడానికీ, పిల్లవాడిని పరీక్షా కేంద్రంలో దింపడానికీ అదే వాహనం.

ఈ కార్ల విషయంలో మన యువతరానికి ఒక ముచ్చట పట్టుకున్నది. కంపెనీ బిగించిన స్ప్రింగులు తీసివేసి, వాటికన్నా కురచవీ, బిరుసైనవీ అయిన స్ప్రింగులు అమర్చి కారును నేలకు దగ్గరగా దింపడం. చక్రానికీ, మడ్‌గార్డుకూ నడుమనున్న సందు తగ్గి కారు చూపులకు చురుకుగా ఉంటుంది, మలుపులలో ఒరగదు. ఈ రెండు మాటలూ నిజమే. వాటికి చెల్లించవలసిన మూల్యం ఏమిటో తెలియకుండా డబ్బు ఖర్చు పెట్టడం మాత్రం తగదు. ఉద్యోగి మిత్రులలో ఈ ప్రశ్న అడిగినవారు ఇటీవల పలువురు ఉన్నందున, పత్రికాముఖంగా కాస్త వివరంగా ముచ్చటించుకుందాం.

స్ప్రింగు చేసే పని

ఎద్దుబండికి స్ప్రింగు లేదు. చక్రం రాయి ఎక్కితే బండి మొత్తం ఎక్కుతుంది, బండిలోని మనిషి నడుము కూడా ఎక్కి దిగుతుంది. జట్కాబండికి ఇరుసు మీద కమాను కట్టలు వచ్చాయి. ఆ కట్టల స్థానంలో చుట్టల స్ప్రింగులు వచ్చినవే నేటి చిన్న కార్లు. ముందువైపు స్ప్రింగూ, షాక్ అబ్జార్బరూ ఒకే నిలువు కడ్డీగా కూర్చిన అమరిక ఉంటుంది. అమెరికా ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ 1940ల చివర రూపొందించినది కాబట్టి దానిని మెక్‌ఫర్సన్ స్ట్రట్ అంటారు. 1950లో బ్రిటన్‌లో వెలువడిన ఫోర్డ్ కాన్సుల్, జెఫిర్ కార్లతో అది ప్రసిద్ధికెక్కింది. చౌక, చోటు తక్కువ తీసుకుంటుంది. అందుకే చిన్న కార్ల తయారీదారులు దానిని వదలలేదు. 2005లో మన విపణిలోకి వచ్చిన స్విఫ్టులోనూ ముందు అదే. వెనుక మాత్రం రెండు చక్రాలనూ కలిపే మెలిదూలం, దానిపై విడిగా స్ప్రింగులు, విడిగా షాక్ అబ్జార్బర్లు.

లాగిన కొద్దీ సాగడం, వదిలితే మునుపటి స్థితికి రావడం స్ప్రింగు ధర్మమనీ, సాగుదల బరువుకు అనులోమమనీ రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు. మనం పాఠశాలలో చదువుకున్నదే. చుట్టల స్ప్రింగు బిరుసుతనం మూడింటిని బట్టి ఉంటుంది. కడ్డీ మందం, చుట్ట వ్యాసం, పనిచేసే చుట్ల సంఖ్య. వీటిలో కడ్డీ మందం ప్రభావం మహా తీవ్రం, ఎందుకంటే అది నాలుగవ ఘాతంగా పనిచేస్తుంది. 11 మి.మీ. కడ్డీకి బదులు 12 మి.మీ. కడ్డీ వాడితే, మిగిలినవన్నీ యథాతథంగా ఉన్నా, స్ప్రింగు 42 శాతం బిరుసెక్కుతుంది. ఒక్క మిల్లీమీటరుకే ఇంత తేడా! బజారులో రంగు చూసి, పేరు చూసి స్ప్రింగు కొనేవారు ఈ అంకెను గుర్తుంచుకోవడం మంచిది.

ఒక చిన్న లెక్క

లెక్క సులువు కోసం ముందు చక్రం ఒక్కొక్కదానిపై 250 కి.గ్రా. బరువు మోపి ఉన్నదనుకుందాం. కంపెనీ స్ప్రింగును ఒక మిల్లీమీటరు నొక్కడానికి 20 న్యూటన్ల బలం కావాలనుకుందాం. అప్పుడు కారు నిలిచి ఉన్న స్థితిలోనే స్ప్రింగు దాదాపు 123 మి.మీ. నొక్కుకొని ఉంటుంది. బరువును ఆ స్ప్రింగుపై ఊపితే సెకనుకు 1.4 సార్లు ఊగుతుంది. మనిషి నడకలో శరీరం లేచి పడే లయకు ఇది అంత దూరం కాదు కాబట్టి మనకు హాయిగానే ఉంటుంది.

ఇప్పుడు 30 శాతం బిరుసైన స్ప్రింగు, అంటే మిల్లీమీటరుకు 26 న్యూటన్లది, బిగించాం. అదే బరువుకు అది 94 మి.మీ. మాత్రమే నొక్కుకుంటుంది. పొడవు మార్చకపోతే కారు దిగడానికి బదులు దాదాపు 28 మి.మీ. పైకి లేస్తుంది! కారును 30 మి.మీ. దింపాలంటే స్ప్రింగు అసలు పొడవును 58 మి.మీ. తగ్గించవలసి ఉంటుంది. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. చక్రం గుంతలోకి దిగినప్పుడు స్ట్రట్ తన పూర్తి నిడివికి సాగుతుంది. నిలిచిన స్థితి నుంచి కిందికి 80 మి.మీ. చలనం ఉన్న కారులో, పాత స్ప్రింగు ఆ చివరన కూడా 43 మి.మీ. నొక్కుడుతో తన పీఠంపై బిగిసి కూర్చుంటుంది. కొత్త అమరికలో కిందికి చలనం 110 మి.మీ. అయింది, స్ప్రింగు నొక్కుడు 94 మి.మీ. మాత్రమే. మిగిలిన 16 మి.మీ. మేర స్ప్రింగు పీఠం వదిలి వదులుగా వేలాడుతుంది. తిరిగి చక్రం పైకి వచ్చినప్పుడు అది తన గాడిలో సరిగా కూర్చుంటుందన్న హామీ ఏదీ లేదు.

మంచి తయారీదారులు ఈ సంగతి ఎరుగుదురు. అందుచేతనే వారి స్ప్రింగులలో ఒక చివర కొన్ని చుట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. బరువు పడగానే అవి ఒకదానిపై ఒకటి చేరిపోతాయి. చక్రం వేలాడినప్పుడు విచ్చుకొని స్ప్రింగును పీఠానికి అదిమి పట్టి ఉంచుతాయి. దుకాణంలో స్ప్రింగు చేతికి తీసుకున్నప్పుడు మొదట చూడవలసినది ఇదే.

ఇక పైకి ఉండే చలనం. అదీ 80 మి.మీ. అనుకుంటే, కారును దింపగానే అది 50 మి.మీ.కు కుంచించుకుపోతుంది. ఆ తరువాత ఉన్నది బంప్ స్టాప్ అనే రబ్బరు దిమ్మ, దాని వెనుక కారు కాయమే. గుంతను స్ప్రింగు భరించడానికి బదులు రబ్బరూ, అటుపై ఉక్కు రేకూ, ఆపైన మన వెన్నెముకా భరిస్తాయి. ఊపు కూడా సెకనుకు 1.6 సార్లకు పెరుగుతుంది. ఈ అంకె స్వల్పమే. అయితే బంప్ స్టాప్‌ను తాకిన ప్రతిసారీ పుట్టే అదురు వేరు. నిలువు కంపనాలలో సెకనుకు 4 నుంచి 8 సార్ల మధ్య వచ్చేవి మనిషి శరీరానికి మిక్కిలి బాధాకరమన్నది శాస్త్రజ్ఞులు అంగీకరించిన విషయం.

షాక్ అబ్జార్బర్ సంగతీ మరువరాదు. స్ప్రింగు ఊపును అణచడం దాని పని. స్ప్రింగు 30 శాతం బిరుసెక్కితే, పాత షాక్ అబ్జార్బర్ అణచివేత సామర్థ్యం ఆ నిష్పత్తిలో 12 శాతం దాకా తగ్గినట్లే. యాభై వేల కిలోమీటర్లు తిరిగి, నూనె కారుతున్న షాక్ అబ్జార్బర్‌పై కొత్త బిరుసు స్ప్రింగు పెట్టడమంటే, ముసలి ఎద్దును పొగరుబోతు కోడెతో ఒకే కాడికి కట్టడమే.

మలుపులో లాభమెంత?

కారు దిగితే గురుత్వ కేంద్రం దిగుతుంది, మలుపులో స్థిరత్వం పెరుగుతుంది అని యువకులు చెబుతారు. ఎంత పెరుగుతుందో కూడా లెక్క వేద్దాం. వెయ్యి కి.గ్రా. కారు, గురుత్వ కేంద్రం 55 సెం.మీ. ఎత్తున ఉన్నది, 30 మి.మీ. దింపితే 52 సెం.మీ. అయింది. మలుపులో లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు మళ్ళే బరువు ఐదారు శాతం తగ్గుతుంది. అంతే. మనకు అనుభవంలో తెలిసే స్థిరత్వంలో అధిక భాగం స్ప్రింగు బిరుసుతనం వల్ల వచ్చినదే గాని, కారు దిగడం వల్ల కాదు. పైగా మెక్‌ఫర్సన్ స్ట్రట్ కార్లలో ఒక విచిత్రం ఉన్నది. కారు ఏ బిందువు చుట్టూ పక్కకు ఒరుగుతుందో ఆ బిందువు, కారును దింపినప్పుడు గురుత్వ కేంద్రం కన్నా వేగంగా కిందికి జారుతుంది. రెంటి మధ్య దూరం పెరిగి ఒరిగే గుణం ఒకింత పెరుగుతుంది. దింపడం వల్ల వచ్చిన లాభంలో కొంత ఇలా తిరిగి చేజారిపోతుందన్నమాట. 30 మి.మీ.కు మించి దింపేవారు ఈ విషయాన్ని ఆలోచించాలి.

మా విభాగంలో ఒక సీనియర్ ఫోర్‌మన్ మిత్రుని ఇంట ఈ చర్చ ఆరు నెలలు నడిచింది. కుమారునికి ఉద్యోగం వచ్చింది, సొంత సంపాదనతో స్ప్రింగులు కొంటానన్నాడు. "ముప్పై మిల్లీమీటర్లే కదండీ నాన్నగారూ, బొటనవేలి మందం కన్నా కాస్త ఎక్కువ" అని అతని వాదన. "ఒరేయ్, మీ మామ్మను నెలకు రెండుసార్లు ఆసుపత్రికి తీసుకువెళ్ళేది ఆ కారులోనేరా" అని తండ్రి మాట. చివరకు పట్టణంలోని ఒక షెడ్డులో పని జరిగింది. మొదటి వారం అందరూ బాగున్నదన్నారు. రెండవ వారం గతుకు దాటినప్పుడల్లా ముందు ఎడమవైపు టక్కుమని చప్పుడు. మూడవ నెలకు ముందు టైర్ల లోపలి అంచు నున్నగా అరిగిపోయింది. ఆ షెడ్డులో స్ప్రింగు మార్చారే గాని వీల్ అలైన్‌మెంట్ చేయలేదు, బంప్ స్టాప్‌లు సరిచూడలేదు. మామ్మగారు మాత్రం కారును తప్పు పట్టలేదు. "రోడ్లు ఈ మధ్య మరీ పాడైపోయాయిరా నాయనా" అన్నదట. ఆ మాట విన్న తరువాత కుమారుడే కారును తెచ్చి, నన్ను పిలిచి, స్ట్రట్లు విప్పించాడు. ఎడమవైపు స్ప్రింగు చివర పీఠంలోని మెట్టుకు ఆనకుండా రెండు వేళ్ళ దూరం పక్కకు తిరిగి ఉన్నది.

స్పీడ్ బ్రేకర్లు

మన దేశంలో ఈ విషయం ముచ్చటిస్తూ స్పీడ్ బ్రేకర్లను విస్మరించడం సాధ్యం కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు, 17 మీటర్ల వ్యాసార్ధపు వంపుతో ఉండాలి. గంటకు 25 కి.మీ. వేగంతో సాఫీగా దాటడానికి ఉద్దేశించినది.

ఖాళీగా ఉన్నప్పుడు నేల నుంచి 170 మి.మీ. ఎత్తు గల కారులో నలుగురు ఎక్కి, డిక్కీలో సామాను పెట్టారు. మొత్తం 300 కి.గ్రా. నాలుగు స్ప్రింగులూ పైన చెప్పిన బిరుసువే అనుకుంటే, కారు 37 మి.మీ. దిగి 133 మి.మీ. మిగులుతుంది. కురచ స్ప్రింగుల కారు మొదటే 140 మి.మీ.; బిరుసెక్కువ కనుక 28 మి.మీ. మాత్రమే దిగి 112 మి.మీ. వద్ద నిలుస్తుంది. 30 మి.మీ. తేడా 21కి తగ్గింది. ఇది బిరుసు స్ప్రింగు చేసిన మేలే, ఒప్పుకోవాలి. ప్రమాణం ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకర్ నడిమికి కారు చేరినప్పుడు, చక్రాల నడుమ దాని ఉబ్బు 42 మి.మీ.కు మించదు. రెండు కార్లూ తగలకుండా దాటిపోతాయి. కాని మన ఊళ్ళలో కాలనీ వాసులే ఇసుకా సిమెంటూ కలిపి రాత్రికి రాత్రి కట్టే, జానెడు వెడల్పు, 12 సెం.మీ. ఎత్తు గల గట్టు సంగతేమిటి? పాత స్ప్రింగుల కారు 13 మి.మీ. తేడాతో బయటపడుతుంది. కురచ స్ప్రింగుల కారు కడుపు గీసుకుంటుంది. అక్కడ ఉండేది ఎగ్జాస్ట్ గొట్టం, ఇంజను నూనె తొట్టి. నూనె తొట్టి పగిలిన సంగతి గమనించక పది కిలోమీటర్లు నడిపితే ఇంజను సంగతి చెప్పనక్కరలేదు. స్ప్రింగుల ఖర్చు దాని ముందు చిల్లర.

రంపపు కోత

కొత్త స్ప్రింగులు ఖరీదని, ఉన్న స్ప్రింగుకే ఒక చుట్టు కోయించేవారు ఉన్నారు. ఇది కూడదు. పనిచేసే చుట్లు ఆరు ఉన్న స్ప్రింగులో ఒకటి కోస్తే బిరుసుతనం 20 శాతం పెరుగుతుంది, సరే. కాని కోసిన చివర పీఠంలో ఒదగదు. గ్యాసు మంటతో కోసేవారు, లేదా మంటతో కాల్చి స్ప్రింగును కుంగదీసేవారు, మరింత హాని చేస్తున్నారు. మన హీట్ ట్రీట్‌మెంట్ షాపులో పనిచేసే సోదరులకు వేరే చెప్పనవసరం లేదు. స్ప్రింగు ఉక్కును కాల్చి, నూనెలో చల్లార్చి, తిరిగి మితమైన వేడిలో పదును దించి ఆ గుణం తెప్పిస్తారు. పైగా ఉక్కు గుళ్ళను వేగంగా కొట్టి ఉపరితలాన్ని గట్టిపరుస్తారు. ఎర్రగా కాలిన చోట ఈ శ్రమ అంతా బూడిదపాలే. అక్కడ స్ప్రింగు నానాటికీ కుంగుతుంది, లేదా ఒకనాడు పుటుక్కున విరుగుతుంది.

బిగించే పని

తగిన జతగా తయారైన స్ప్రింగులే కొని, షాక్ అబ్జార్బర్లు ఆరోగ్యంగా ఉన్నాయని నిర్ధారించుకొని, అప్పటికీ మార్చదలచినవారికి పని క్రమం తెలిసి ఉండాలి. మెకానిక్కు చేత చేయించినా పక్కన నిలబడి చూడడానికి ఇది ఉపకరిస్తుంది.

చక్రాల నట్లను కారు నేలపై ఉండగానే ఒక పట్టు వదులు చేయాలి. చదునైన గచ్చు మీద జాకీతో ఎత్తి, కారును తప్పనిసరిగా ఇనుప స్టాండ్లపై నిలపాలి. జాకీ ఎత్తడానికే గాని, దానిని నమ్మి కారు కిందికి తల పెట్టడానికి కాదు. బ్రేకు గొట్టాన్నీ, ఏబీఎస్ తీగనూ స్ట్రట్ నుంచి విడదీసి, కింది రెండు బోల్టులు తీయాలి. డ్రైవ్ షాఫ్టు బయటికి జారిపోకుండా చక్రపు మూలాన్ని తీగతో కట్టి ఉంచాలి. పైన బానెట్ కింద మూడు నట్లు తీస్తే స్ట్రట్ చేతికి వస్తుంది. ఆ మూడింటి నడుమ ఉండే పెద్ద నట్టు జోలికి మాత్రం అప్పుడే పోరాదు.

ఎందుకో చెబుతాను. ఆ నడిమి నట్టే స్ప్రింగును నొక్కి పట్టి ఉన్నది. మన లెక్కలోని స్ప్రింగు 150 మి.మీ. నొక్కుకొని ఉంటే అందులో 225 జౌళ్ళ శక్తి దాగి ఉంటుంది. ఇరవై మూడు కిలోల దిమ్మ మీటరు ఎత్తు నుంచి పడినంత దెబ్బ అది. స్ప్రింగు కంప్రెసర్ కొక్కేలను ఎదురెదురుగా తగిలించి, ఒకదాని తరువాత ఒకటి కొద్దికొద్దిగా పానాతో బిగిస్తూ, స్ప్రింగు రెండు పీఠాలనూ వదిలి చేతికి కదులుతున్నదని నిశ్చయమైన తరువాతనే ఆ నట్టు విప్పాలి. కొక్కేల మరలు అరిగిన కంప్రెసర్ ముట్టుకోవద్దు. పనిచేసేటప్పుడు ముఖం స్ట్రట్ చివరకు ఎదురుగా ఉండరాదు. పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వరాదు.

పై భాగాలు ఏ వరుసలో వచ్చాయో అదే వరుసలో తిరిగి ఎక్కాలి: దుమ్ము తొడుగు, బంప్ స్టాప్, పై పీఠం, బేరింగు, రబ్బరు మౌంటు. స్ప్రింగు చివర పీఠంలోని మెట్టుకు ఆనుకొని ఉండాలి. వెనుక పని సులువు. దూలం కింద జాకీ ఆనించి, షాక్ అబ్జార్బర్ల కింది బోల్టులు తీసి, దూలాన్ని మెల్లగా దింపితే స్ప్రింగు ఊడి వస్తుంది. బ్రేకు గొట్టాలు లాగబడకుండా చూసుకుంటే చాలు. రబ్బరు బుష్షులున్న చోట్ల ఏవైనా బోల్టులు వదులు చేసి ఉంటే, వాటి ఆఖరి బిగింపు కారు బరువు చక్రాలపై పడిన తరువాతనే చేయాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే బుష్షు ఎప్పుడూ మెలితిరిగి ఉండి త్వరగా చినుగుతుంది. ఏ బోల్టుకు ఎంత బిగింపో ఆ కారు వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉంటుంది, ఊహించవద్దు.

మరునాడే వీల్ అలైన్‌మెంట్ చేయించాలి, హెడ్‌లైట్ల వాలు సరిచేయాలి. కొన్ని వాహనాలలో వెనుక ఇరుసు ఎత్తును బట్టి వెనుక బ్రేకుల ఒత్తిడిని నిర్ణయించే కవాటం ఉంటుంది. కారు దిగితే బరువు ఎక్కిందని అది భ్రమపడి వెనుక చక్రాలకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. తడి రోడ్డు మీద హఠాత్తుగా బ్రేకు వేస్తే వెనుక చక్రాలు బిగుసుకుపోయి కారు అడ్డం తిరగవచ్చు. ఆ కవాటం ఉన్న కారైతే దానినీ సరిచేయనిదే రోడ్డెక్కరాదు.

చట్టం, బీమా

తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే విషయాన్ని ధ్రువపరచింది. అదే ఏడాది జరిగిన సవరణలో, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి ఐదు వేల రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే నిబంధన చేరింది. స్ప్రింగు పొడవు రిజిస్ట్రేషన్ పత్రంలో రాసి ఉండదు కదా అని వాదించేవారున్నారు. ఆ వాదన రోడ్డు మీద అధికారి ముందు నిలుస్తుందో లేదో పరీక్షించుకోవడం కన్నా, ముందే రవాణా కార్యాలయాన్నీ, బీమా కంపెనీనీ లిఖితపూర్వకంగా అడగడం ఉత్తమం. బీమా కంపెనీకి తెలియజేయని మార్పు, ప్రమాదం జరిగి క్లెయిము పెట్టినప్పుడు వివాదానికి దారి తీస్తుంది. జర్మనీలో ఇటువంటి స్ప్రింగులకు సాంకేతిక పరీక్షా పత్రం జతచేసి అమ్ముతారు. బిగించిన తరువాత తనిఖీ అధికారి చూసి నమోదు చేస్తారు. అటువంటి సౌకర్యం మనకూ ఉంటే ఈ తలనొప్పి కొంత తీరేది.

నన్ను అడిగితే, ఇంటిల్లపాదికీ ఒకే కారు ఉన్నచోట కురచ స్ప్రింగుల జోలికి వెళ్ళవద్దంటాను. అదే సొమ్ముతో నాలుగు కొత్త షాక్ అబ్జార్బర్లూ, మంచి టైర్లూ వేసి, అలైన్‌మెంట్ చేయిస్తే మలుపులో కారు నడక మారడం ఎవరికైనా తెలుస్తుంది. మా ఫోర్‌మన్ మిత్రుని కుమారుడు చివరకు చేసినది అదే. తీసిన కురచ స్ప్రింగులను నగరంలో ఒంటరిగా ఉద్యోగం చేస్తున్న మరో యువకునికి ఇచ్చాడు. అతడు కొత్త బంప్ స్టాప్‌లు వేయించి, అనుమతి కోసం రవాణా కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకొన్నాడు.

ఎవరు మార్చినా, తీసిన కంపెనీ స్ప్రింగులను పాత ఇనుము కింద అమ్మవద్దు. ముందువి ఏవో, వెనుకవి ఏవో, కుడి ఎడమలు ఏవో చీటీ రాసి కట్టి, కాస్త గ్రీజు పూసి, గోనెపట్టాలో చుట్టి అటక మీద పెట్టండి. కారు అమ్మే రోజున కొనేవాడు మొదట అడిగేది వాటినే.